‘ట’ ఎక్కడ రాలిపోయింది? డిగ్రీ విద్యార్థులు వాదన రాయడం నేర్చుకోవడానికి ఒక మార్గదర్శి

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతూ, ఏటా మొదటి వారంలో ఒకటే పని ఇస్తాను. తేలినీలాపురం పక్షుల గురించి ఒక పేజీ రాయమంటాను. టెక్కలి మండలంలోని ఆ ఊరు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. స్కూల్లో ఉండగానే పిక్నిక్‌కి వెళ్లొచ్చినవాళ్లు క్లాసులో సగం మంది ఉంటారు. పేజీలు తీసుకుని చూస్తే దాదాపు అన్నింట్లో మొదటి వాక్యం ఒక్కటే. "వేల కిలోమీటర్లు దాటి సైబీరియా నుంచి పక్షులు మన జిల్లాకు వస్తాయి."

"సైబీరియా అని నీకెలా తెలుసమ్మా?"

"పేపర్లో వచ్చింది మేడమ్."

"పేపరు వాళ్లకెలా తెలుసు?"

"అందరూ అంటారు కదా మేడమ్. ఏటి అలగ అడుగుతారు?"

నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేదాన్ని కాబట్టి కోపం రాదు. కానీ ఈ చిన్న సంభాషణలోనే మొత్తం కోర్సు ఉంది. మన మాటల్లో ‘ట’ అనే ఒక చిన్న అక్షరం ఉంది. ఊళ్లో ముసలమ్మ "ఆ పిట్టలు సైబీరియా నుంచి వస్తాయట" అంటుంది. తాను చూడలేదని, ఎవరో చెబితే విన్నానని ఆ ఒక్క అక్షరంతో ఒప్పేసుకుంటుంది. అదే మాట మనవరాలి నోట్‌బుక్‌లోకి వచ్చేసరికి "వస్తాయి" అయిపోతుంది. ‘ట’ దారిలో ఎక్కడో రాలిపోయింది. దాన్ని తీసేసే హక్కు సంపాదించుకోవడం ఎలాగో మెట్టు మెట్టుగా చెబుతాను.

మెట్టు 1: విషయాన్ని మాటగా మార్చండి

"తేలినీలాపురం పక్షులు", "ప్లాస్టిక్ కాలుష్యం", "యువత, సెల్‌ఫోన్" లాంటివి విషయాలు. విషయం మీద వ్యాసం రాస్తే తెలిసినవన్నీ కుప్ప పోస్తారు, వాదన మాత్రం రాదు. వాదనకు ఒక పూర్తి వాక్యం కావాలి, బుద్ధున్న మనిషి ఎవరైనా దాన్ని కాదనగలిగేలా ఉండాలి. "పక్షులను కాపాడాలి" అంటే కాదనేవాళ్లెవరు? "తేలినీలాపురం గురించి రాసేటప్పుడు సైబీరియా పేరు వాడటం మానాలి" అంటే మాత్రం ఎవరో ఒకరు లేచి "ఎందుకు మానాలి?" అంటారు. అదే మీకు కావలసింది.

మీ వాక్యం ఏ రకమో ఇక్కడే తేల్చుకోండి. "ఆ పక్షులు సైబీరియావి కావు" అన్నది వాస్తవానికి సంబంధించిన మాట, దాన్ని సాక్ష్యం తేలుస్తుంది. "ఊరివాళ్లు పక్షుల్ని చూసుకునే తీరు గొప్పది" అన్నది విలువ కట్టే మాట. ఏ కొలబద్దతో గొప్ప అంటున్నారో చెప్పాలి. "పేరు మార్చాలి" అన్నది చేయవలసిన పని గురించిన మాట. దాని వల్ల ఒరిగేదేమిటో, పోయేదేమిటో రెండూ చూపాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మూడో రకం వాక్యం పెట్టుకుని, మొదటి రకం సాక్ష్యం మాత్రమే ఇచ్చి, పని అయిపోయిందనుకుంటారు.

మెట్టు 2: మాటలకు హద్దు గీయండి

ఇది అయిదు నిమిషాల పని. "ఉత్తరాంధ్ర వెనకబడింది" అని రాస్తే దేంట్లో, ఎవరితో పోలిస్తే, ఏ సంవత్సరం లెక్కతో అని అడగాలి. "శ్రీకాకుళం జిల్లా" అన్నా అంతే. 1950లో ఏర్పడిన జిల్లా వేరు, 1979లో విజయనగరం జిల్లా పుట్టాక మిగిలింది వేరు, 2022లో పార్వతీపురం మన్యం విడిపోయాక మిగిలింది మరీ వేరు. పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టి "జనాభా తగ్గిపోయింది" అని రాసిన పేపరు నేను దిద్దాను. తగ్గింది జిల్లా విస్తీర్ణం.

మెట్టు 3: మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడవండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

ఒక కాగితం తీసుకుని, మీరు నమ్ముతున్న మాట అడుగున రాయండి. దాని పైన, ఆ మాట మీకు ఎవరు చెప్పారో రాయండి. ఆ పైన, వాళ్లకెవరు చెప్పారో. చూసినవాళ్లో కొలిచినవాళ్లో దొరికేదాకా ఇలా ఎక్కుతూ పోవాలి. సైబీరియా మాటకు ఈ పని చేయిస్తే పిల్లలకు పది వార్తలు, నాలుగు వీడియోలు దొరుకుతాయి. "పద్నాలుగు ఆధారాలున్నాయి మేడమ్" అంటారు. జాగ్రత్తగా చదివితే అవన్నీ ఒకే వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి రాసినవి. ఒకడు చూసి రాసినదాన్ని తొమ్మిది మంది కాపీ కొడితే పరీక్ష హాల్లో పది పేపర్లని లెక్కపెడతామా? సాక్ష్యమూ అంతే. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చినవే వేరు వేరు సాక్ష్యాలు.

ఇప్పుడు రెండో వైపు నుంచి రండి. అసలు అక్కడికి వచ్చే పక్షులేవి? ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెద్ద సంచి ముక్కున్న స్పాట్-బిల్డ్ పెలికాన్, మన పాత మాటలో గూడబాతు. రెండోది పెయింటెడ్ స్టార్క్, ఎర్రకాళ్ల కొంగ. పక్షుల మీద ఏ మంచి పుస్తకం తెరిచినా ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులని ఉంటుంది. భారతదేశం, శ్రీలంక, కంబోడియా వాటి ఇలాకా. సైబీరియాలో అవి ఉండవు.

పుస్తకం చేతిలో లేకపోయినా, కళ్లతో చూసినదాన్ని బట్టి అక్కడికి చేరే దారి ఉంది. నాకు ఈ దారే ఎక్కువ ఇష్టం. తేలినీలాపురంలో ఆ పక్షులు ఏం చేస్తాయి? చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని పెంచుతాయి. ఉత్తరాసియా నుంచి నిజంగా వలస వచ్చే బాతులూ తీరపక్షులూ అలా చేయవు. చలికాలంలో ఇక్కడికి తిండికి వస్తాయి, వేసవికి వెనక్కి పోయి అక్కడే పిల్లలు చేస్తాయి. అంత దూరం నుంచి చలికి తప్పించుకుని వచ్చిన పక్షి ఇక్కడ కాపురం పెట్టదు. గూడు చూసిన ప్రతి పిల్లాడి కళ్లముందూ ఈ సాక్ష్యం ఉంది. చూశారు గానీ, దాన్ని ఆ మాటతో కలిపి ఆలోచించలేదు.

ఇంకొక్క జాగ్రత్త. ఇంతవరకు తేలింది ‘సైబీరియా కాదు’ అన్న ఒక్క మాటే. ‘మరి మిగతా నెలల్లో ఎక్కడుంటాయి?’ అన్న ప్రశ్నకు గూడు జవాబు చెప్పదు. దానికి కాళ్లకు రింగులు వేసో, ట్రాన్స్‌మిటర్లు కట్టో తెలుసుకోవాలి. ఒక మాట తప్పని తేల్చిన ఉత్సాహంలో ఇంకో మాటను ఊహించి రాసేయడం తెలివైన పిల్లలు చేసే తప్పు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే తెలుస్తుంది. సంస్కృతంలో దీన్నే స్థాలీపులాక న్యాయం అన్నారు. ఆ మెతుకు ఎందుకు పనికొస్తుంది? గిన్నెలో అన్నింటికీ ఒకే నీళ్లు, ఒకే మంట తగిలాయి కాబట్టి. ఊరు అలాంటి గిన్నె కాదు. మీ వీధిలో ఇరవై ఇళ్లు అడిగి "గ్రామ ప్రజల అభిప్రాయం" అని రిపోర్టు రాస్తే, మీ వీధికి కుళాయి నీళ్లు వస్తూ చివరి వీధికి రాకపోవచ్చు. ఎవరి ఇంటికి వెళ్లలేదో కూడా రిపోర్టులో రాయండి. మార్కులు తగ్గవు. నేనైతే పెంచుతాను.

మెట్టు 4: సాక్ష్యానికీ మాటకూ మధ్య వంతెన చూడండి

సాక్ష్యం నిజమే, మాట మాత్రం నిలబడదు. ఇలా ఎందుకు జరుగుతుంది?

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంవాళ్లు దీనికి అయిదు మెట్లు చెప్పారు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూశాం కదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం. 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త కూడా దాదాపు ఇదే ఎముకల గూడు వేరే పేర్లతో గీశాడు. అతను ఒకటి బాగా నొక్కి చెప్పాడు. హేతువును ప్రతిజ్ఞతో కలిపే సూత్రాన్ని మనం చాలాసార్లు బయటికి చెప్పం, వినేవాళ్లు ఒప్పుకుంటారని మింగేస్తాం. చెప్పని ఆ సూత్రాన్ని పైకి తీసి రాయడమే ఈ మెట్టు.

తేలినీలాపురం దగ్గరే ఇంకో మాట వింటాం. పక్షులొచ్చిన ఏడు పంటలు బాగుంటాయని, రాకపోతే ఊరికి మంచిది కాదని. దీన్ని నవ్వి కొట్టిపారేయకండి. పక్షులు బాగా వచ్చిన ఏడు పంట బాగుందన్నది ఊరివాళ్లు ఏళ్ల తరబడి గమనించినదే కావచ్చు. వంతెన మాత్రం ఏమిటి? ‘ముందు వచ్చింది వెనక వచ్చినదానికి కారణం.’ మన సామెతలోని గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ ఇదే. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి వల్లే రాలిందనుకోవడం ఇంకో రకం. అందుకే దాన్ని కాకతాళీయం అన్నారు.

అయితే ఇది వట్టి కాకతాళీయం కూడా కాకపోవచ్చు. వానలు బాగా పడితే చెరువులూ, నీరు నిలిచే తంపర భూములూ నిండుతాయి, చేపలు దొరుకుతాయి, పక్షులు గూళ్లు పెడతాయి. అదే వానకు వరి కూడా బాగుంటుంది. రెండింటి వెనకా ఒకే కారణం ఉండొచ్చు. నోట్‌బుక్‌లో ఈ నాలుగు ప్రశ్నలూ రాసిపెట్టుకోండి. ఇది దానికి కారణమా? అది దీనికి కారణమా? రెండింటికీ మూడోది కారణమా? ఊరికే కలిసొచ్చిందా?

ఈ ప్రశ్నలు పక్షుల దగ్గర సరదాగా ఉంటాయి. ఉద్దానం దగ్గర సరదా ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు పిల్లలు నా క్లాసులో ప్రతి ఏడూ ఉంటారు. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నవాళ్లూ ఉంటారు. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు సాగుతున్నాయి. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో గంటల తరబడి పని, ఇలా చాలా అనుమానాలున్నాయి, ఒక్కటే కారణమని తేలలేదు. ఒక అబ్బాయి "నీళ్ల వల్లే" అని రాశాడు. "నీళ్ల వల్ల" అంటే ఒక అనుమానం, "వల్లే" అంటే మిగతావన్నీ కొట్టేసినట్టు. ఒక్క ఏత్వంతో ఎంత బరువు నెత్తికెత్తుకున్నాడో చూడండి.

అతను బాధపడ్డాడు. "అయితే మంచినీళ్లు ఇవ్వమని అడగకూడదా మేడమ్?" అన్నాడు. అడగొచ్చు, గట్టిగా అడగొచ్చు. అది మొదటి మెట్టులో చెప్పిన మూడో రకం మాట, చేయవలసిన పని గురించినది. కారణం తేలకముందే, అనుమానం ఉన్న బోరు నీళ్లు మాన్పించి మంచి నీళ్లు ఇవ్వడం వల్ల పోయేది డబ్బు, ఇవ్వకపోతే పోయేది ప్రాణం కావచ్చు అని వాదించొచ్చు. ఈ వాదనకు "వల్లే" అక్కర్లేదు. పైగా రేపు ఇంకో పరిశోధన వచ్చి నీళ్లు కాదని తేల్చినా అతని వాదన పూర్తిగా కూలిపోదు.

మెట్టు 5: ఎదుటివాడి మాట వాడికంటే బాగా రాయండి

పాతవాళ్లు చర్చను మూడు రకాలుగా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ మాటా లేకుండా ఎదుటివాడిని కొట్టడానికి మాత్రమే చేసేది వితండం. టీవీ చర్చల్లో మూడోది ఎక్కువ. వాదం చేసేవాడు ముందు పూర్వపక్షం చెప్పాలి. అంటే ఎదుటివాడి మాట, వాడు విని "అవును, నేనన్నది ఇదే" అనేలా.

మా ఉదాహరణలో పూర్వపక్షం ఇది: "సైబీరియా అన్న పేరు వింటేనే జనం చూడ్డానికి వస్తారు. ఊరికి నాలుగు డబ్బులొస్తాయి, పక్షులకు గౌరవం దక్కుతుంది. ఒక అబద్ధం వల్ల నష్టమేముంది?" ఇది బలహీనమైన మాట కాదు. దీనికి "అబద్ధం తప్పు" అంటే జవాబు కాదు. నష్టం చూపించాలి. చుట్టాలనుకుంటే మర్యాద చేసి పంపేస్తాం. ఇక్కడే పుట్టి పెరిగే పిల్లలనుకుంటే వాటి చెట్లను, చెరువులను చూసుకునే బాధ్యత మనదే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుకు గూళ్ల చెట్లు కూలితే, "సైబీరియాలో ఉంటాయిలే" అని కూర్చోలేం.

మన నేలలో దీనికి పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, వాడుక భాషలో రాయాలని వాదించినప్పుడు, గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి వాళ్ల ముందు పెట్టాడు. నియమం పెట్టినవాళ్లకే అది పట్టుబడటం లేదని వాళ్ల కాగితాలతోనే చూపించడం కంటే గట్టి సాక్ష్యమేముంటుంది? విజయనగరం గురజాడ అప్పారావు అదే గొడవలో మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. ఎక్కువమంది అటు ఉన్నారని తెలిసీ, తిట్టి లేచిపోకుండా, కారణాలన్నీ కాగితం మీద పెట్టాడు.

మెట్టు 6: ఇప్పుడు రాయండి

ఇంతవరకు రాసింది నోట్‌బుక్ పని. కారణాలు తెలుగులోనే రాసుకోండి. పరీక్ష ఇంగ్లీషులో రాయాల్సివచ్చినా ఆలోచన మీకు బాగా వచ్చిన భాషలో తేలాక మార్చుకోండి. ఇంగ్లీషులో వాక్యం కోసం వెతుక్కుంటూ వాదనను కూడా వెతుక్కుంటే రెండూ దొరకవు.

మొదటి చిత్తుప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

"తేలినీలాపురం పక్షులు చాలా అందమైనవి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు కానీ అది పూర్తిగా తప్పు. దీని వల్ల ప్రజలు మోసపోతున్నారు. అధికారులు వెంటనే చర్యలు తీసుకోవాలి."

అందం వాదనకు అక్కర్లేదు. ‘పూర్తిగా’ అన్నారు, సాక్ష్యం ఒక్కటీ లేదు. ‘మోసం’ అంటే ఎవరో కావాలని చేశారని అర్థం, అది ఎవరు చూశారు? ‘చర్యలు’ అంటే ఏం చర్యలు? దిద్దితే ఇలా వస్తుంది:

"తేలినీలాపురంలో గూళ్లు పెట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు. అవి ఇక్కడి చింతచెట్ల మీద గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. చలికాలానికి ఉత్తరాసియా నుంచి వచ్చే పక్షులు పిల్లలు చేసేది తిరిగి వెళ్లాక, అక్కడే. కాబట్టి సైబీరియా మాట నిలవదు. ఆ పేరు జనాన్ని రప్పిస్తుందన్నది నిజం కావచ్చు. కానీ ఇది వాటి పుట్టిల్లు అని బోర్డు మీద రాస్తే, చెట్లు ఎవరు కాపాడాలన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది."

గమనించండి, "చెప్పుకుంటారు" అన్న చోట విన్న మాట విన్నమాటగానే ఉంది. తాను తేల్చినచోట "నిలవదు" అని గట్టిగా అన్నాడు. తేలని చోట "కావచ్చు" అన్నాడు. గట్టిదనం, మెత్తదనం సాక్ష్యం ఉన్నంత మేరకే ఉన్నాయి. భయంతో ప్రతి వాక్యానికీ "కావచ్చు", "ఉండవచ్చు" తగిలించేవాళ్లూ ఉంటారు. అదీ చదవలేం.

ఫోన్లో చాట్‌బాట్‌ని అడిగి రాయించుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. అది ‘ట’ వాడదు. సైబీరియా గురించైనా, గూడు గురించైనా ఒకే ధీమాతో చెబుతుంది. మీ పూర్వపక్షాన్ని పదునుపెట్టడానికి దానితో వాదించుకోండి, బాగానే పనికొస్తుంది. సాక్షిగా మాత్రం పిలవకండి.

మెట్టు 7: తిరగరాయండి

ఒక రాత్రి ఆగి, పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోట వాక్యమో ఆలోచనో తప్పింది. తర్వాత పక్క బెంచీవాళ్లకివ్వండి. మెచ్చుకోమని కాదు, ప్రతి వాక్యం పక్కనా "ఏటి రుజువు?" అని రాయమనండి. గురజాడ కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయ్యాక, 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి మళ్లీ వేశాడు. మనం ఒక పేజీ రెండోసారి రాయడానికి విసుక్కుంటాం.

పరీక్షలో ఇంత సమయం ఎక్కడిది అంటారు. అరగంట ప్రశ్నకు మొదటి ఆరేడు నిమిషాలు కలం కాగితం మీద పెట్టకుండా మాట, రెండు కారణాలు, ఒక పూర్వపక్షం మార్జిన్‌లో వేసుకుంటే మిగతాది నడుస్తుంది.

సెమిస్టరు చివర్లో మొదటి వారం పేజీలు తిరిగి ఇచ్చి, వాళ్లనే పెన్సిల్‌తో దిద్దమంటాను. చాలామంది ‘సైబీరియా’ కొట్టేసి ఊరుకుంటారు. నిరుడు ఒకమ్మాయి ‘వస్తాయి’ కొట్టేసి, పైన ‘వస్తాయట’ అని రాసి, మార్జిన్‌లో ఇంకో మాట పెట్టింది: "ఇక్కడ పుడతాయని తెలిసింది. మిగతా రోజులు ఎక్కడుంటాయో ఇంకా తెలీదు, రింగులు వేసినవాళ్లనడగాలి." పదికి తొమ్మిది వేశాను. ఆ ఒక్క మార్కూ అక్షరదోషాలకు పోయింది. దాని మీద కూడా ఆ అమ్మాయి నాతో వాదించింది, సగం మార్కు తిరిగిచ్చాను.